ఆఖరి రీలు చూడని ఆపరేటరు

వీడియో లైబ్రరీ దైవసహాయం గారు దివంగతులయ్యారన్న దారుణ వార్త నా చెవిన సోకిన క్షణాన బందరు సముద్రం ఘోషించడం మానిందనీ, కోనేరు సెంటరులో రిక్షాలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయనీ, నా చేతిలోని కలం తనంతట తాను జారి నేలపాలయిందనీ రాశాను. రాసి, చదువుకుని, సిగ్గుపడి, ఇలా దిద్దుకుంటున్నాను. సముద్రం మా ఇంటికి వినిపించదు. నా చేతిలో ఉన్నది కలం కాదు, అట్లకాడ. పొద్దున్నే పెసరట్టు తిరగేస్తుంటే ఫోను మోగింది. అవతల ఆయన భార్య కరుణమ్మ.

"అన్నయ్య గారూ, మీరు బస్టాండుకి బయల్దేరకండి. ఆయన రారు."

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"కాఫీ ఇద్దామని లేపితే లేవలేదండీ." ఆవిడే మళ్ళీ అందుకుంది. "పామిడిముక్కల వెళ్ళాలని చొక్కా కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు."

అట్టు మాడిపోయింది. ఇది మాత్రం నిజం. ఆ మాడు వాసన ఇంట్లోంచి పోయినా నా ముక్కులోంచి ఇంకా పోలేదు. అప్పటినుంచీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఆ షాపు వైపు నడవాలనిపిస్తుంది, నడిస్తే సగంలో గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాను.

ఆ రోజు మేమిద్దరం పామిడిముక్కల వెళ్ళి, ఒక వృద్ధ వైద్యుణ్ణి కలిసి, ఒక మాట చెప్పి రావలసి ఉంది. ఆ మాట కోసం దైవసహాయం గారు యౌవనం నుంచి వార్ధక్యం దాకా నిరీక్షించారు. మాట దొరికింది, బస్సు దొరికేది, మనిషి దొరకలేదు.

ఈ పత్రిక చదివే బందరు వాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. అయినా ఉద్యోగాల మీద పాతవాళ్ళు వెళ్ళి కొత్తవాళ్ళు వచ్చే ఊరు కనుక రెండు మాటలు. పొట్టి మనిషి, తెల్లచొక్కా, ఆదివారం నాడు మాత్రం బూట్లు. ఆ రోజు చర్చికి వెళ్ళొచ్చాకే షట్టరు ఎత్తేవారు. కోనేరు సెంటరుకి అవతలి సందులో ఆయన వీడియో లైబ్రరీ. అంతకు ముందు, నడివయసు దాటేదాకా, దివిసీమలో టూరింగు టాకీసు ఆపరేటరు. ఇక నేనంటారా, రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసి రాసి రిటైరైనవాణ్ణి. సెంటు పెరటి దొడ్డిని "సమస్త నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా" అమ్మించినవాణ్ణి. అందుచేత నా వాక్యం పుట్టుకతోనే కాస్త పొంగి ఉంటుంది.

ఆ పొంగు మీద నీళ్ళు చల్లడానికే భగవంతుడు దైవసహాయాన్ని నాకు ప్రసాదించాడు. వాళ్ళ నాన్న గుడివాడ రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడట. ధాన్యం తూచాక తేమకింత, తాలుకింత అని తీసేస్తారు కదా, దాన్ని తరుగంటారు. నేను ఏ సంగతి చెప్పినా దైవసహాయం సాంతం విని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "బాగా చెప్పావు బావా. ఇందులో తరుగెంత?" అనేవాడు. మొదట్లో రోషం వచ్చేది. తర్వాత అలవాటైంది. ఆఖరికి ఆయన అడక్కపోతే చెప్పిన సంగతి పూర్తయినట్టు ఉండేది కాదు. మాది చుట్టరికం కాదు. ఆయన క్రైస్తవులు, నేను రాములవారి గుడి పక్కవాణ్ణి. బావా అని ఆయన మొదలుపెట్టాడు, నేను అందుకున్నాను. దాంతో కరుణమ్మకి నేను అన్నయ్యనైపోయాను.

ఆ లైబ్రరీలో ఒక ఆచారం ఉండేది. క్యాసెట్టు తిరిగి ఇచ్చినవాళ్ళు కౌంటరు ముందున్న స్టూలు మీద కూర్చుని అభిప్రాయం చెప్పాలి. చెబితేనే ఇంకో క్యాసెట్టు. "బావుంది" అంటే ఒప్పుకునేవారు కాదు. "బావుంది అని మా టామీ కూడా చెబుతుంది, తోకూపి. మీరు మనుషులు కదండీ, కాస్త విప్పి చెప్పండి," అనేవారు. ఆయన దేన్నీ రాసుకునేవారు కాదు. వినడమే. విన్నది మర్నాడు ఇంకొకరికి వినిపించడం. ఆ విధంగా మచిలీపట్నం యావత్తూ ఒక విమర్శక సభ అయిందనీ, మద్రాసు నుంచి నిర్మాతలు మా అభిప్రాయాల కోసం అర్రులు చాచేవారనీ నేను అనేకచోట్ల చెప్పాను. తరుగు తీస్తే, సాయంత్రాలు స్టూలు ఖాళీ ఉండేది కాదు, అంతవరకే.

నేరపరిశోధన చిత్రాలకి ఇంకొక కట్టడి కూడా ఉండేది. హంతకుడెవరో స్టూలు మీద చెప్పకూడదు. షాపులోనే కాదు, సందు మలుపు దాటేదాకా చెప్పకూడదు. ఒకసారి ఒక లెక్చరరు గారు నోరు జారబోతే దైవసహాయం చేతిలో ఉన్న క్యాసెట్టు అడ్డం పెట్టి, "అయ్యా! ఒకణ్ణి హంతకుడనడం అంత తేలిక మాటండీ?" అన్నారు. ఆ గొంతు విని లెక్చరరు గారు లేచి నిలబడ్డారు. సినిమా గురించి ఇంత వేడేమిటని అందరం నవ్వుకున్నాం. ఆ వేడికి కారణం నాకు తర్వాత తెలిసింది. ఇక్కడ చెబితేగాని తక్కినది మీకు అర్థం కాదు.

'గొడుగు నీడ' అనే పాత నలుపు తెలుపు చిత్రం ఉంది. ఈతరం వాళ్ళకి తెలియకపోవచ్చు. వాన రోజున ఒక మేడలో జమీందారు హతుడవుతాడు. గుమ్మంలో తడిసిన నల్ల గొడుగు దొరుకుతుంది. ఆ గొడుగు ఎవరిదన్నదే కథ. మరదలు, గుమాస్తా, కౌలురైతు, కుటుంబ వైద్యుడు, అందరూ అనుమానితులే. హంతకుడు ఆఖరి రీలులో గాని బయటపడడు.

అప్పట్లో దైవసహాయం కోడూరు టూరింగు టాకీసులో కుర్ర ఆపరేటరు. గుడివాడలో ఆట అయిపోయాక రీళ్ళ పెట్టెలు బస్సు టాపు మీద వచ్చేవి. 'గొడుగు నీడ' వచ్చిన రోజున ఒక పెట్టె దిగలేదు. బస్సు మీదే ఉండిపోయి ఎటో వెళ్ళిపోయింది. అది ఆఖరి రీళ్ళ పెట్టె. సంగతి తెలిసేటప్పటికి మొదటి ఆట నడుస్తోంది, డేరా నిండి ఉంది. ఉన్న రీళ్ళు అయిపోయాయి. జనం ఈలలు, ఆ తర్వాత బెంచీలు. టాకీసు యజమాని ఆపరేటరు గది దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే సహాయం, డేరా తగలెట్టేస్తార్రా! వెళ్ళి ఏదో ఒకటి చెప్పు."

"నేను చూళ్ళేదండీ చివర!"

"చూడకపోతే చెప్పలేవా? తెర ముందు నిలబడు. గట్టిగా చెప్పు, అంతే."

దైవసహాయం తెర ముందు నిలబడ్డాడు. గట్టిగా చెప్పాడు. వాన, మెరుపు, మేడ మెట్లు, గొడుగు కింద ముఖం, అన్నీ చెప్పి, ఎవరో ఒకరి పేరు చెప్పాలి గనక నోటికొచ్చిన పేరు చెప్పాడు. డాక్టరు. జనం "అమ్మ దొంగా!" అని ఊపిరి వదిలి, చప్పట్లు కొట్టి, ఇళ్ళకి వెళ్ళిపోయారు. నాకు ఈ సంగతి చెప్పిన రోజున నేను, "భేష్ బావా, నా కులంలో చేరావు," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఎందుకంటే కోడూరులో నిజంగా ఒక డాక్టరు ఉన్నారు. ఆరెంపీ. వెంకటరత్నం గారు. ఎండైనా వానైనా నల్ల గొడుగుతోనే ఇల్లిల్లూ తిరిగి సూది వేసేవారు. మర్నాటినుంచే మొదలైంది. "గొడుగు డాక్టరొస్తున్నాడు, తలుపేసుకోండ్రోయ్!" మొదట పిల్లలు, తర్వాత పెద్దలు, తర్వాత అరుగుల మీద ఆడవాళ్ళు. అంతా పరాచికమే. ఈలోగా ఆయన మందిస్తున్న ఒక ముసలాయన జ్వరం ముదిరి పోయాడు. ఎవరి చేతిలోనైనా పోయేవాడే. పరాచికం కాస్తా గుసగుస అయింది. వెంకటరత్నం గారు గొడుగు పట్టుకోవడం మానేశారు, వానలో తడుస్తూ తిరిగారు. కొన్నాళ్ళకి సామాను ఎడ్లబండికెత్తి ఊరు విడిచి వెళ్ళారు. బండి టాకీసు ముందునుంచే వెళ్ళింది. ఆయన దైవసహాయం వంక చూశారట.

"ఏమన్నా అన్నాడా?" అని అడిగాను.

"ఏమీ అనలేదు బావా. అనుంటే బాగుండేది."

అప్పటినుంచి ఆయన్ని తొలిచిన ప్రశ్న ఒక్కటే. ఆ చిత్రంలో డాక్టరు నిజంగా హంతకుడేనా? అయితే, తను చెప్పింది నిజం, ఎవరు చెప్పినా అదే చెప్పేవాళ్ళు, తక్కినది తన పాపం కాదు. కాకపోతే, ఇద్దరు నిరపరాధుల్ని, ఒకణ్ణి తెర మీదా ఒకణ్ణి ఊళ్ళోనూ, తనే నేరస్థుల్ని చేశాడు. "గుడివాడలో చూసినవాళ్ళని అడిగితే పోయేదిగా?" అన్నాను. "అడగొచ్చు. అవునంటే సరే. కాదంటే?" అన్నారు. అడగలేడు, అడక్కుండా ఉండలేడు. ఆ చిత్రం గుడివాడలో కూడా వారం ఆడలేదు, తర్వాత ఎక్కడా కనపడలేదు. టాకీసులు మూతబడి ఈయన బందరులో క్యాసెట్ల షాపు పెట్టింది బతుకుతెరువు కోసమే. కానీ బెజవాడ నుంచి క్యాసెట్ల కట్ట వచ్చినప్పుడల్లా ఆయన విప్పే తీరు చూస్తే అందులో ఏదో పేరు వెతుకుతున్నారని ఎవరికైనా తెలిసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో 'గొడుగు నీడ' వేశారు. దైవసహాయం చర్చి నుంచి బూట్లతోనే వచ్చి, వీసీఆరులో ఖాళీ క్యాసెట్టు పెట్టి, మీట నొక్కి, స్టూలు నాకిచ్చి తను నిలబడ్డారు. నడుమ ఒక పాటలో "అంతరాయానికి చింతిస్తున్నాము" అని బోర్డు వచ్చింది. అదీ రికార్డయింది. కథ చివరికి వచ్చింది. కాలవ నీళ్ళలో నల్ల గొడుగు తేలుతూ వెళ్తోంది. వయొలిన్ లేచింది. మేడ తలుపు తెరుచుకుంటోంది.

కరెంటు పోయింది.

బందరులో కరెంటు పోవడం వార్త కాదు. కానీ ఆ రోజు ఆయన చీకటి తెర ముందు నిలబడిన తీరు చూసి, "మళ్ళీ వేస్తార్లే బావా," అన్నాను. "కోడూరులో పెట్టె. బందరులో కరెంటు. నాకు చూపించకూడదని పైవాడు గట్టిగానే ఉన్నాడు," అని గడప మీద కూర్చుని బూట్లు విప్పుకున్నారు. ఆ రోజు ఆయన కళ్ళనుంచి అశ్రుధారలు కురిశాయని ఇదివరకు చెప్పి ఉన్నాను. తరుగు తీస్తే, బూటు లేసు ముడి పడి రాలేదు, దాన్ని చాలాసేపు లాగుతూ ఉన్నారు.

ఆ క్యాసెట్టుని అలాగే అరలో పెట్టారు. ఇక్కడ జరిగిన విచిత్రం ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. ఆ క్యాసెట్టుకి చివర లేదన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. తేలే గొడుగు, లేచే వయొలిన్, తలుపు, చీకటి. అదే ముగింపనుకున్నారు. శుభం కార్డు లేకపోవడం కళ అనుకున్నారు. హంతకుడి పేరు ఎత్తకూడదన్న ఆచారం ఉండనే ఉంది కనుక ఎవరికి వారు ఒకణ్ణి నిర్ణయించుకుని, తక్కినవాళ్ళూ వాణ్ణే అనుకున్నారన్న నమ్మకంతో వాదించుకునేవారు.

గిలకలదిండి రేవులో చేపల వేలం పాడే పోతురాజు ఆ స్టూలు మీద కూర్చుంటే సందంతా వినపడేది. "ఏం ముగింపండీ! వాడి ముఖం చూపించకుండానే చూపించాడండీ! నాకు మొదట్నుంచీ వాడి మీదే అనుమానం."

బాలికల హైస్కూలు గ్రేసమ్మ టీచరు గారు వెనకనుంచి, "వాడు అంటారేమిటండీ పోతురాజు గారూ?" అన్నారు.

"వాడు కాక?"

"నేను చెప్పకూడదు. కానీ ఆ చీర మడతలు గమనించారా మీరు?"

"చీరేంటండీ, మధ్యలో! నేలమీద ఆ బురద కాళ్ళు చూళ్ళేదా?"

"ఆహా, చూశాను. మీరింకోసారి చూడండి."

ఇద్దరూ మళ్ళీ అద్దెకి పట్టుకెళ్ళారు. దైవసహాయం కౌంటరు వెనక వింటూ ఉండేవారు. ఎవరైనా 'డాక్టరు' దగ్గరికి వస్తారేమోనని చెవి రిక్కించేవారు. వస్తే ముఖం వెలిగేది. "డాక్టరు పాత్ర గురించి మీ అభిప్రాయం ఏమిటండీ?" అని మెల్లగా కదిపేవారు. "పాపం మంచివాడండీ," అంటే ఆ పూట అన్నం సహించేది కాదని కరుణమ్మ చెప్పింది.

రోజులు మారాయి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. పాత చిత్రాలన్నీ రెండేసి డిస్కుల పెట్టెల్లో అంగళ్ళకి వస్తున్న కాలంలో 'గొడుగు నీడ' కూడా వచ్చింది, అట్ట మీద నల్ల గొడుగుతో, పూర్తి నిడివి అన్న అక్షరాలతో. దైవసహాయం ఆ పెట్టెని చేతుల్లో తిప్పి తడిమారు. తడమడమే. అప్పటికి చక్కెర వ్యాధి ఆయన చూపుని తినేసింది. వెలుగూ నీడా తప్ప ముఖాలు ఆనేవి కావు. సినిమాలు వినేవారు. మాటలు వింటే చాలు, బొమ్మ తనే వేసుకునేవారు. కానీ పెట్టె ముందుగా పట్టుకెళ్ళిన పోతురాజు తిరిగొచ్చి చెప్పిన మొదటి మాట ఇది:

"ఆ కొత్త చివర ముక్కలో ఒక్క డైలాగు లేదండీ. వానా వయొలినూ, అంతే."

అదీ ఆయన ప్రారబ్ధం.

ఊరు భగ్గుమంది. ఇంటికొచ్చిన ఈ అసలు ప్రతి మీద మా వాళ్ళ అభిప్రాయాలు వింటే ఆ చిత్రం తీసినవాళ్ళు సముద్రంలో దూకేవారు. "ఎవరడిగారండీ ఆ చివర?" అన్నాడు పోతురాజు. "మన క్యాసెట్టులో ఎంత హుందాగా ఆపాడు! వీళ్ళు అమ్ముకోడానికి ఏదో అతికించారు. ఆ పాట మధ్యలో అంతరాయం బోర్డు కూడా తీసిపారేశారు. అది లేకపోతే పాట ఒంటరిగా ఉంది." గ్రేసమ్మ గారు అన్నారు: "బొమ్మ శుభ్రంగా ఉందండీ. మరీ శుభ్రంగా ఉంది. మన దాంట్లో వాన నిజంగా కురిసేది. ఇందులో గొట్టంతో చిమ్ముతున్నారని తెలిసిపోతోంది." ఒక్కరూ తమ హంతకుడు తప్పని ఒప్పుకోలేదు. చిత్రమే తప్పన్నారు.

"చివర ఎవరండీ?" అని దైవసహాయం అడిగారు. జీవితంలో మొదటిసారి అడిగారు. పోతురాజు చెవులు మూసుకున్నంత పనిచేశాడు. "అమ్మమ్మ! రూలండీ. మీరు పరీక్ష పెడుతున్నారు నాకు." గ్రేసమ్మ గారు, "నేను ఉపాధ్యాయినినండీ," అని లేచి వెళ్ళిపోయారు. తను కట్టిన గోడ తనకే అడ్డం నిలిచింది. కరుణమ్మ సినిమాలు చూడదు. ఇక మిగిలింది ఎవరు? చెప్పిన ప్రతిదాంట్లో తరుగు తీయాల్సిన నేను.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, రెండో డిస్కు పెట్టి, ఆయన స్టూలు మీద కూర్చున్నారు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు. నేను అంతకు ముందు రోజే ఇంట్లో చూసి ఉన్నాను. అందువల్ల రాత్రంతా నాకు నిద్రలేదు. డాక్టరు హంతకుడు కాదు. (ఎవరో చెప్పకూడదు గాని, ఎవరు కాదో చెప్పడాన్ని ఆచారం నిషేధించలేదని నా వ్యాఖ్యానం.) ఒక్క పేరు మార్చి చెబితే ఈయన ప్రాణం కుదుటపడుతుంది. జీవితమంతా పొంగించి రాసినవాడికి అదెంత పని? నిజానికి అలాగే చెప్పాలని నిశ్చయించుకునే వచ్చాను.

గొడుగు కాలవలో తేలింది. వయొలిన్ లేచింది. తలుపు తెరుచుకుంది. ఈసారి కరెంటు ఉంది.

"చెప్పు బావా."

"ఉరిమింది! ఆకాశం రెండుగా చీలింది! మేడ పునాదులతో సహా..."

"నాకు చెవులున్నాయి. ఉరుమేం లేదు. తరుగు తియ్యి."

"లేదులే. ఉత్త వాన."

"ఎవరొచ్చారు?"

తెర మీద గొడుగు పైకి లేచింది, కింద ముఖం కనబడింది. దైవసహాయం కళ్ళు తెర వైపు లేవు, నా వైపు ఉన్నాయి. చూపు లేని కళ్ళే, అయినా నా నోటిని చూస్తున్నట్టే ఉన్నాయి. తెర ముందు వణుకుతూ నిలబడి నోటికొచ్చిన పేరు చెప్పిన ఆ కుర్ర ఆపరేటరు స్థానంలో ఇప్పుడు నేనున్నానని నాకు స్ఫురించింది. నోట్లో సిద్ధంగా పెట్టుకున్న పేరు గొంతులోకి వెళ్ళిపోయింది. కనబడిన ముఖం ఎవరిదో ఆ పేరే చెప్పాను.

"డాక్టరో?"

"గుమ్మం దగ్గర తడుస్తూ నిలబడ్డాడు. చేతిలో గొడుగు లేదు. ఆయనేం చెయ్యలేదు బావా."

వయొలిన్ ఆగింది. శుభం పడింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "తరుగెంత?" అన్నారు.

"లేదు."

"నిజమే అయ్యుంటుంది," అన్నారు. "అబద్ధమైతే ఇంతకంటే బాగా చెప్పేవాడివి."

తర్వాత లేచి, షట్టరు పూర్తిగా ఎత్తించి, "వెంకటరత్నం గారు పామిడిముక్కలలో ఉన్నారు. నాకు ఎప్పట్నుంచో తెలుసు. అక్కడి కస్టమరు ఒకాయన చెప్పాడు. వెళ్ళడానికే కాళ్ళు రాలేదు. ఇప్పుడొస్తున్నాయి. నన్ను తీసుకెళ్ళు," అన్నారు. ఏం చెబుతావని అడిగాను. "డాక్టరు కాదండీ అని చెబుతాను. అంతకంటే ఏముంది చెప్పడానికి?" అన్నారు. రోజు అనుకున్నాం. ఆ రోజు పొద్దున్నే కరుణమ్మ ఫోను చేసింది.

ఆయన భూస్థాపనకి బందరు బందరంతా కదిలివచ్చింది. తరుగు తీస్తే, స్టూలు మీద ఎప్పుడో ఒకసారి కూర్చున్నవాళ్ళందరూ వచ్చారు. అదేం తక్కువ కాదు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పోతురాజు వేలం గొంతు ఆ రోజు బయటికి రాలేదు.

తర్వాత ఒక ముసురు రోజున నేను ఒక్కణ్ణీ పామిడిముక్కల బస్సెక్కాను. వాన కనక గొడుగు పట్టుకెళ్ళాను. ఆ ఇంటి గేటు దగ్గర దాన్ని చూసుకుని గతుక్కుమని, ముడిచి గోడవారన దాచి, తడుస్తూ లోపలికి వెళ్ళాను.

వెంకటరత్నం గారు బక్కపలచని మనిషి, వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. "ఏమిటండీ, గొడుగుండి తడుస్తూ వచ్చారు? గేటు దగ్గర ముడవడం చూశాను," అన్నారు. తువ్వాలు ఇప్పించారు. నేను వచ్చిన పని చెప్పాను. దైవసహాయం గారి సంగతి, పెట్టె సంగతి, తెర ముందు చెప్పిన పేరు, ఆ తర్వాత ఆయన పడ్డ తపన, మా తరుగు సంగతి, అన్నీ చెప్పి, "ఆ సినిమాలో డాక్టరు కాదండీ. ఆయన మీతో ఈ మాట చెప్పాలనుకున్నారు," అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశారు. "నాకు తెలుసండీ. గుడివాడలో వేసినప్పుడే మొత్తం చూశాను. బావుందని కోడూరులో మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు డేరాలో నేనూ ఉన్నాను."

నేను తల తుడుచుకోవడం ఆపాను.

"ఆ అబ్బాయి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. కాళ్ళు గడగడలాడుతున్నాయి. పక్కన యజమాని కర్ర పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు అన్నాడు. లేచి 'కాదురా' అందామనుకున్నా. అంటే జనం అతన్ని చీల్చేసేవారు. ఊరుకున్నా."

"మరి ఊరు విడిచి వచ్చేశారు గదండీ?"

"దానిక్కాదండీ! ఇది మా మామగారి ఊరు. ఇక్కడ వైద్యుడు లేడని రమ్మన్నారు, వచ్చాం." మళ్ళీ తనే, "మీ లెక్కన తరుగు తీసి చెప్పాలంటే, ఆ మాటలకి బాధపడలేదనను. మా ఆవిడ ఏడ్చింది. కానీ వచ్చింది మాత్రం దానిక్కాదు," అన్నారు.

"వచ్చేరోజున ఆయన వంక చూశారట."

"చూశాను. టాటా చెబుదామని. తల దించుకున్నాడు."

వాన చూరు మీంచి కారుతోంది. ఎక్కడి బందరు, ఎక్కడి పామిడిముక్కల! బస్సెక్కితే టీ చల్లారేలోపు వచ్చేయొచ్చు. (అంతలోపు కాదు. కానీ మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వెళ్ళిపోవచ్చు.) ఆ చిన్న ప్రయాణానికి ఒక మనిషి ఆయుష్షంతా భయపడ్డాడు.

నేను లేవబోతుంటే వెంకటరత్నం గారు, "ఆయన షాపులో అభిప్రాయం చెప్పనిదే వదిలేవారు కాదన్నారు గదా. నాదీ పట్టుకెళ్ళండి," అన్నారు.

"చెప్పండి."

"సినిమా మంచిదే. మొన్న మా మనవడు సీడీ తెచ్చి వేస్తే మళ్ళీ చూశాను. బొమ్మ బావుంది. కానీ ముగింపు తేలిపోయిందండీ. ఆ కుర్రాడు చెప్పిన ముగింపే బావుంది. డాక్టరైతేనే ఆ కథ నిలుస్తుంది. మెట్ల మీద ఆ మెరుపూ, గొడుగు కింద ఆ ముఖమూ, అతను చెబుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. తర్వాత అసలు సినిమాలో దానికోసమే వెతుక్కున్నాను. లేదు."

గేటు దగ్గర నా గొడుగు తీసి, వద్దంటున్నా నా చేతిలో పెట్టి, తెరిచేదాకా చూసి మరీ పంపించారు.

బందరులో దిగి అలవాటుగా సందులోకి తిరిగాను. కాళ్ళు ఆగలేదు. షట్టరు సగం దించి ఉంది. లోపల కరుణమ్మ అరలు తుడుస్తోంది. స్టూలు మీద కూర్చున్నాను. ఆ లైబ్రరీ తెరిచిననాటి నుంచీ బందరు ఎదురుచూసిన అభిప్రాయం అది. హంతకుడు ఎవరైతే బాగుండునో కూడా ఉంది అందులో, అయినా ఆచారాన్ని పక్కనబెట్టి మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. పిడుగు కలపలేదు, ఆకాశం చీల్చలేదు. కరుణమ్మ గుడ్డ చేతిలో పట్టుకుని విని, కళ్ళొత్తుకుని, "ఆయనుంటే బాగుండేది," అంది.

నేను కౌంటరు వైపే చూస్తూ కూర్చున్నాను. అలవాటుగా ఒక ప్రశ్న రావాలి అక్కడినుంచి. రాలేదు.

బావా, ఆ ముసలాయన చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాశాను. తూచుకో. ఈసారి తరుగు లేదు. ఆ మాట నువ్వడిగితే తప్ప నేను చెప్పే అలవాటు లేదు గనక, ఈ కాస్తా నీ తరఫున నేనే అడిగి, నేనే చెప్పుకున్నాను.